ఏమీ అడగని డిస్కు

వానలు తెరిపిచ్చాక ఒక పొద్దున నేను అరుగు మీద రాగులు ఎండబోస్తుంటే కుసుమ వచ్చింది. సుకురు తాత మనవరాలు. పై ఊరి నుంచి మా ఇంటికి రెండు గంటల దిగుడు. చెప్పులు చేత్తో పట్టుకుని, బురద కాళ్ళు బయటే కడుక్కుని, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది. "అక్కా, అప్పట్లో మాస్టారు మా తాత మాట రాసినారట గదా. ఆ కాయితం ఉన్నాదా మీ కాడ?" మాస్టారంటే మా నాన్న. ఆయన పోయి నాలుగేళ్ళు. నేను చేట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ కాగితం ఎప్పుడూ కాగితం కాలేదు. దాని సంగతి అడగడానికి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మా గుమ్మంలోకి వస్తారని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ వయసు నుంచీ తెలుసు. తెలిసినా జవాబు సిద్ధం చేసుకోలేదు. "లోపలికి రా, టీ పెడతాను" అన్నాను. పొయ్యి వైపు తిరిగితే మనిషి ముఖం చూడక్కర్లేదు కదా.

నేను బడికి పోలేదు. ఎనిమిదో ఏట మలేరియా మెదడుకెక్కి పది రోజులు తెలివి లేకుండా పడి ఉన్నానట. బతికి లేచాక అమ్మ నన్ను హాస్టలుకు పంపనంటే పంపనంది. "దేవుడు ఒకసారి తిరిగిచ్చినాడు. ప్రతిసారీ ఇత్తాడేటి?" అనేది. నాన్న విజయనగరం దిగువ ఊళ్ళలో పుట్టి, మిషను బడిలో మాస్టారుగా అరకు కొండల్లోకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆయన సాయంత్రం ఇంటికొచ్చాక వంటింటి గడప మీద కూర్చుని నాకు పాఠం చెప్పేవాడు. లోపల అమ్మ అంబలి కలియబెడుతుండేది, బయట పసుపు ఉడికే వాసన, తడిసిన కట్టెల పొగ. లెక్కలూ భూగోళమూ నాకు ఆ పొగలోనే వచ్చాయి. పొద్దున ప్రార్థనలో మాకొక నియమం ఉండేది. ఒక్కొక్కరూ మూడేసి కృతజ్ఞతలు చెప్పాలి, నిన్న చెప్పినవి ఈరోజు చెప్పకూడదు. అమ్మ మూడో దానికి తడుముకునేది. "ఈయేళ పాలు పొంగిపోనేదు తండ్రీ" అని ఒకసారి, "మాస్టారు నిన్న పనసపిక్కల కూరకి వంక పెట్టనేదు తండ్రీ" అని ఒకసారి. నాన్న కళ్ళు మూసుకునే నవ్వేవాడు. ఈరోజుకీ నేను మూడు చెప్పకుండా స్టవ్ వెలిగించను. అలవాటైపోయింది. దొరకని రోజులుంటాయి గాని, వెతకని రోజు లేదు.

ఆ ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. మిషను ఆఫీసు వాళ్ళు వాడి వదిలేసినది. రైల్లో టైడా దాకా వచ్చి, అక్కడి నుంచి జీపులో అల్లపు బస్తాల మధ్య కూర్చుని వచ్చింది. వచ్చిన నెలకే దాన్ని ఆన్ చేసే మీట విరిగింది. విశాఖలో నెట్ సెంటరు నడిపే మా ప్రకాశం అన్నయ్య, పెదనాన్న కొడుకు, ఫోన్లో ఉపాయం చెప్పాడు. లోపలి సెట్టింగులో ఒకటి మారిస్తే, కరెంటు వచ్చినప్పుడల్లా కంప్యూటరు దానంతట అదే లేస్తుంది, మీటతో పని లేదు అన్నాడు. అలాగే పెట్టాను. మా కొండ మీద కరెంటు రోజుకు పదిసార్లు పోయి పదిసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా మూలన గుయ్యిమని అది లేచేది. "కరెంటొచ్చింది, మీ దెయ్యం లేసింది" అనేది అమ్మ. వానాకాలంలో సీడీల మీద బూజు పడుతోందని వాటిని బియ్యం డబ్బాలో దాచింది కూడా ఆవిడే. అన్నం వార్చేటప్పుడు గంజిలో సీడీ కవరు ముక్క దొరికిన రోజులున్నాయి.

నేర్పేవాళ్ళు లేరు కాబట్టి కంప్యూటరు లోపలే ఉన్న సహాయం పేజీలు చదివి నేర్చుకున్నాను. రాని ఇంగ్లీషు మాట నాన్నను అడిగేదాన్ని. ఆయనకూ రాకపోతే నిఘంటువు, అందులోనూ లేకపోతే ప్రార్థన. నాకు త్వరగా తెలిసొచ్చింది ఏమిటంటే, మా కంప్యూటరుకు మా ఊళ్ళో పిల్లల్లాగే జ్వరాలు ఎక్కువ. అరకులో జిరాక్సు షాపుకి పెన్‌డ్రైవు తీసుకెళ్ళి తెస్తే చాలు, దాంతోపాటు వైరసు వచ్చేది. అంతా తుడిచి పాత సీడీ డిస్కుతో మళ్ళీ విండోస్ ఎక్కించాలి. కాని డిస్కు ఏళ్ళనాటిది. ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్లు, అంటే లోపాలు పూడ్చే దిద్దుబాట్లు, అందులో ఉండవు. పట్నంలో వాళ్ళకైతే ఇంటర్నెట్టులోంచి వాటంతటవే దిగుతాయి. మాకు ఇంటర్నెట్టు లేదు. కొత్తగా ఎక్కించిన విండోస్ పురిటి బిడ్డలా ఏ రక్షణా లేకుండా ఉండేది, మళ్ళీ ఒక పెన్‌డ్రైవు తగిలితే మళ్ళీ మంచం పట్టేది. దీనికొక మందుంది అన్నాడు ప్రకాశం అన్నయ్య. తను సీడీలో పంపే అప్‌డేట్లను తర్వాత వేసుకోవడం కాదు, ఆ డిస్కులోనే కలిపేసి కొత్త డిస్కు తయారు చేసుకోవాలి. నాన్నకు అర్థం కావాలని నేను అమ్మ మాటలో చెప్పాను. అంబలి కాగాక ఉప్పేస్తే ఒకచోట ఉప్పన, ఒకచోట చప్పన. పిండి కలిపేటప్పుడే వెయ్యాలి. నాన్న ఆ పోలికకు ఎంత మురిసిపోయాడో, వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఆ రోజుల్లోనే నాన్న ఇంకో పని నెత్తికెత్తుకున్నాడు. కొండ మీద తరతరాలుగా పోడు కొట్టుకుని బతికేవాళ్ళకు ఆ భూమి మీద పట్టా ఇస్తారని కబురొచ్చింది. దానికి రుజువు కావాలి. కాగితం ముక్క లేనివాళ్ళు ఏం రుజువు తెస్తారు? ఊరి పెద్దవాళ్ళు చెప్పిన మాట రాసి, వేలిముద్ర వేయించి ఇస్తే చెల్లుతుందన్నారు. నాన్న బడి అయ్యాక ఊరూరూ తిరిగి, బండల మీద కూర్చుని నోటుబుక్కుల్లో రాసుకొచ్చేవాడు. రాత చదివి వినిపిస్తే నేను టైపు చేసేదాన్ని. పై ఊరికి మాత్రం సుకురు తాత ఒక్కడే మిగిలాడు. ఆ కొండ వాలు మీద మొదట పోడు కొట్టినప్పటి మనుషుల్లో ఇంకెవరూ లేరు. హద్దులు ఆయన నోట్లోనే ఉన్నాయి. కుసుమ అప్పటికి చంటిపిల్ల, వాళ్ళ నాన్న అప్పటికే పోయాడు.

తాత తానే మా ఇంటికి దిగివచ్చాడు, కంద దుంపలు అమ్మ ముందు పెట్టి. నాన్న నోటుబుక్కు తీశాడు. "నోటుబుక్కు ఎందుకు నాన్నా, తాత చెప్తుంటే నేను నేరుగా కొట్టేస్తాను. ఒక పని తగ్గుతుంది" అన్నాను. అన్నది నేనే. నా వేళ్ళ వేగం మీద నాకప్పుడు అంత గర్వం. నాన్న నోటుబుక్కు మూశాడు. బడి సెలవుల్లో మూడు మధ్యాహ్నాలు తాత చెప్పాడు, నేను కొట్టాను. ప్రతి మధ్యాహ్నం చివర తాత తెర దగ్గరికి వచ్చి వంగి చూసేవాడు.

"ఇందల నా మాట ఉన్నాదేటే గుంటా?"

"ఉంది తాతా. ఇదంతా నువ్వు చెప్పిందే."

"ఏదీ, పలకమను."

"అది పలకదు తాతా. చదువుకోవాలి."

"మూగదా? మూగదానికి సెప్పి పంపినావా మాస్టారూ నా బూమి కతంతా?" అని నాన్న వైపు తిరిగి పళ్ళు లేని నోటితో నవ్వాడు. అమ్మ కూడా నవ్వి, కంద పులుసు ఆకులో వడ్డించింది. ప్రింటరు సిరా వానలకు ఎండిపోయి ఉంది. కొత్తది విశాఖ నుంచి ఎవరైనా తేగానే ప్రింటు తీసి, వేలిముద్రకు నాన్నే కొండెక్కేటట్టు అనుకున్నారు.

మిషను హాస్టలుకు ఆరు పాత కంప్యూటర్లు వచ్చాయని, వాటిని బాగుచేసి పెట్టమని అదే వారం కబురు చేశారు. జీవితంలో నన్నొకరు పని అడగడం అదే మొదలు. కాని ఆరింటికీ కలిపి కీబోర్డు ఒక్కటే ఉంది. విండోస్ ఎక్కించేటప్పుడు పక్కనే కూర్చుని అది అడిగిన ప్రతిదానికీ జవాబివ్వాలి. పేరేమిటి, గడియారం ఏ దేశానిది, ఎక్కడ ఎక్కించాలి, పాతవి తుడవాలా. మధ్యలో కరెంటు పోతే మొదటి నుంచీ రావాలి. అందుకని డిస్కులో అప్‌డేట్లతోపాటు ఆ జవాబులన్నీ కూడా ముందే రాసి ఒక ఫైల్లో పెట్టేశాను. పాతవన్నీ తుడిచి కంప్యూటరు లోపలి హార్డ్ డిస్కంతా ఒకే ముక్క చెయ్యాలా అన్న దగ్గర 'అవును' అని రాశాను. ఆ ఆరింటిలో దాచుకోవలసినదేదీ లేదు. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. కంప్యూటరు లేవగానే, డిస్కు నుంచి మొదలుపెట్టాలంటే కీబోర్డు మీద ఏదో ఒక మీట నొక్కమని అడుగుతుంది. నొక్కకపోతే ఊరుకుంటుంది. కీబోర్డు లేనిచోట ఎవరు నొక్కుతారు? ఆ ప్రశ్నను అడిగే చిన్న ఫైలొకటి ఉంటుంది. దాన్ని తీసేశాను. ఇప్పుడు నా డిస్కు ఎవరినీ ఏమీ అడగదు. పెడితే చాలు. అంత చక్కటి వస్తువును నేను నా చేతులతో అంతకు ముందు చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు.

మధ్యలో కరెంటు పోయి రెండు సీడీలు పాడయ్యాక, ఒక బుధవారం మధ్యాహ్నం కంప్యూటరు మూడోదాన్ని పూర్తిగా రాసింది. ట్రే బయటికి వచ్చింది. సరిగా రాసిందో లేదో చూసుకుందామని మళ్ళీ లోపలికి తోశాను. అప్పుడే కరెంటు పోయింది. మిషను గుడిలో స్త్రీల ప్రార్థన కూటం వేళయింది. "బేగి రాయే గుంటా, పాట నువ్వే ఎత్తుకోవాల" అని అమ్మ గుమ్మంలోంచి కేక. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాను. వాగు అవతల గుడి. కూటం అయ్యాక కుండపోత, వాగు తగ్గేదాకా కదలనివ్వలేదు. నేను ఆ మధ్యాహ్నం చాలా బాగా పాడానని అందరూ అన్నారు.

ఇంటికొచ్చేసరికి గది నీలంగా వెలుగుతోంది. తెర మీద పసుపు గీత ఒకటి మెల్లగా నిండుతోంది. విండోస్ ఎక్కేటప్పుడు కనబడే గీత అది. ఎవరూ ముట్టుకోకుండా, ఎవరినీ అడగకుండా ఎక్కుతోంది. "స్తోత్రం ప్రభువా!" అని అరిచాను. "అమ్మా, పనిచేస్తోందే! డిస్కు పనిచేస్తోంది!" తడిచేతులతో చప్పట్లు కొట్టాను. ఆవిడ కొంగు పిండుకుంటూ వచ్చి "ఏ డిస్కే? ఏటి పని సేత్తంది?" అంది. ఆవిడకు చెప్పడానికి నోరు తెరిచినప్పుడు నాకు తెలిసింది. ఇది హాస్టలు కంప్యూటరు కాదు. తాత మాట ఉన్నది, కరెంటు రాగానే దానంతట అదే లేచేది.

గీత నిండింది. కంప్యూటరు ఆగి, మళ్ళీ లేచింది, ట్రేలో డిస్కు గిర్రున తిరిగింది, నీలం తెర వచ్చింది, తుడవడం మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. నేను తీసేసిన ప్రశ్న దగ్గరే అది ఆగవలసింది. ఆ ప్రశ్న లేదు కాబట్టి, పని అయిపోయిందని దానికి తెలియదు. మేము గుడిలో ఉన్నంతసేపూ ఇలా ఎన్నిసార్లు తుడుచుకుందో. ప్లగ్గు పీకాలని కూడా నాకు తోచలేదు. నాన్న బడి నుంచి వచ్చి, నా ముఖం చూసి, ఆయనే పీకాడు.

మర్నాడు ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు నాకు ఒక్క కృతజ్ఞతా దొరకలేదు. నాన్న కాసేపు ఎదురుచూసి, "మా గుంట చేతుల కోసం స్తోత్రం" అని నా బదులు తానే చెప్పాడు. చెప్పి, హార్డ్ డిస్కు విప్పించి, తువ్వాల్లో చుట్టుకుని రైలెక్కాడు. విశాఖలో ప్రకాశం అన్నయ్యకు తెలిసినవాడొకడు పోయిన ఫైళ్ళు తీస్తాడన్నారు. పది రోజులు అక్కడే కాచుకున్నాడు. చివరికి ఆ మనిషి, "ఒక్కసారి తుడిస్తే ఎంతో కొంత దొరికేది మాస్టారూ. దీని మీద మళ్ళీ మళ్ళీ రాసుకుపోయింది" అని తిరిగిచ్చేశాడు. మిగతా ఊళ్ళవి నోటుబుక్కుల్లో ఉన్నాయి, మళ్ళీ కొట్టుకున్నాం. తాతది మాత్రం ఎక్కడా లేదు. రైలు దిగిన మర్నాడే నాన్న నన్ను కూడా తీసుకుని కొండెక్కాడు, ఈసారి నోటుబుక్కుతో.

మేము విశాఖ మీద ఆశ పెట్టుకుని కూర్చున్న పది రోజుల్లో తాతకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. గుడిసె ముందు నులక మంచం మీద పడుకోబెట్టారు. నాన్నను చూడగానే ఆయన కళ్ళు వెలిగాయి. ఏదో శబ్దం చేస్తూ ఎడమ చెయ్యి పైకెత్తాడు. బొటనవేలు చాచాడు. వేలిముద్ర కోసం కాగితం తెచ్చామనుకున్నాడు. నాన్న ఆ వేలిని తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. ఆయన వదలలేదు, తాత వెనక్కి తీసుకోలేదు. ఎంతసేపో నాకు గుర్తులేదు. దిగి వచ్చేటప్పుడు ఊరివాళ్ళు అడిగితే, "కరెంటు వల్ల పెట్టె చెడిపోయింది" అని నాన్న చెప్పాడు. అబద్ధమాడితే బెత్తం తీసే మనిషి. దారిలో నేను ఏడుస్తుంటే, "కరెంటు పోయింది నిజం, వచ్చింది నిజం. మిగిలింది నాకూ నీకూ దేవుడికీ" అన్నాడు. ఆయన నాకు చేసిన మేళ్ళలో కృతజ్ఞత చెప్పుకోలేని మేలు అదొక్కటే. తాత ఆ చలికాలం దాటలేదు.

కుసుమకు టీ గ్లాసు ఇచ్చి, ఇదంతా చెప్పాను. పొయ్యి వైపు తిరిగి కాదు, ఎదురుగా కూర్చునే చెప్పాను. వాళ్ళ దరఖాస్తు మూడోసారి వెనక్కి వచ్చిందట. కాఫీ మొక్కలు వేసుకున్న వాలుకు అడ్డంగా కంచె వేస్తామని అటవీశాఖ మనుషులు వచ్చి కొలుచుకుపోయారట. ఆమె టీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టింది.

"ఇన్నేళ్ళూ సెప్పనేదేటక్కా?"

"భయమేసింది."

"సరే. కొట్టింది నువ్వే గదా. మూడు మద్దేనాలు. గుర్తు తెచ్చుకో. తెచ్చుకుని రాయి."

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'జీలుగు చెట్టు కాడి నుంచి ఎత్తుకుంటే' అని రాశాను. అది తాత మొదటి మాట. తర్వాత ఏ రాయి, ఏ వాగు, ఎవరి సమాధి, ఏ వైపు మళ్ళి ఎక్కడికి దిగాలి, ఏమీ లేదు. ఆ మూడు మధ్యాహ్నాలూ నా వేళ్ళు తాత దగ్గర ఉన్నాయి, మనసు డిస్కు దగ్గర ఉంది. ఆయన మాట చెవిలో పడి వేళ్ళలోంచి దిగిపోయింది. ఒక్కటీ నాలో ఆగలేదు. ఆ మాటే కుసుమతో చెప్పాను.

"మూడు మద్దేనాలు సెప్పినాడు మా తాత" అంది కుసుమ. "నీకు ఒక సెట్టు మిగిలింది. అది కూడా పడిపోయి పదేళ్ళయింది." తర్వాత గొంతు తగ్గించి, "పోనీ, అదే రాయి. రాసుకున్నావు, తుడిసేసినావు, అదే రాసి సంతకం పెట్టు" అంది. రాశాను. ఏదీ దాచకుండా రెండు పేజీలు రాసి, ఆమెతో కలిసి నేనే పట్టాల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడున్న పెద్దమనిషి మర్యాదస్తుడు, కూర్చోబెట్టి రెండు పేజీలూ చదివాడు. "అమ్మా, ఇది పోయిన కాగితం గురించి రాసిన కాగితం. ఇందులో హద్దు ఎక్కడుంది?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

ఇప్పుడు మా కొండ మీద కూడా టవరు ఉంది. ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తనంతట తానే కొత్తదై ఉంటుంది. ట్యూషనుకు వచ్చే పిల్లలకు డిస్కు అంటే ఏమిటో తెలియదు. వాళ్ళకు అప్పటి సంగతులు చెప్తే పడి పడి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నా చిన్నతనం పేదదనిగాని, చీకటిదనిగాని నేనెప్పుడూ అనను. అమ్మ అంబలి, నాన్న గడప మీది పాఠం, అంతా అడిగిన దానికంటే ఎక్కువే దేవుడిచ్చాడు. కాని ఆ ఇంట్లో అంత ప్రేమగా నేర్చుకున్న విద్యతో నేను లోకంలో చేసిన పని ఒకటే. దాన్ని ఏ ప్రార్థనలో ఎక్కడ పెట్టాలో నాకు ఈ వయసుకీ తెలియలేదు. క్షమించమని అడుగుతాను. క్షమించాడనే నమ్ముతాను. నాకు క్షమాపణ దొరికినంత మాత్రాన కుసుమకు భూమి దొరకదు.

పోయిన వారం పై ఊరికి వెళ్ళాను. కంచె పడింది. సిమెంటు స్తంభాలు, నాలుగు వరసల ముళ్ళ తీగ. కాఫీ పండు ఎర్రబారి అవతల ఉంది. కుసుమ ఇవతల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. కంచెను ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూసి, "మా తాత సెప్పిన అద్దు ఏదో ఎవుళికీ తెలీదు గాని, ఈళ్ళ అద్దు మట్టుకు బాగా కనబడతందక్కా" అంది. నేను వంగి, కింది తీగను ఒక కాలితో తొక్కి, దాని పైదాన్ని కొంగుతో పట్టి ఎత్తాను. ఆమె బుట్టను ముందు తోసి, తల వంచి లోపలికి దూరింది.

ఆమె ఏరుకుని తిరిగి వచ్చేదాకా తీగను వదలలేదు.